‘సాటిలేని’ అని ఇంగ్లీషులో రాసేటప్పుడు

వేంసూరు మండలంలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే మాకు ఈ సంచికలో ఒక పాఠం రాసే అవకాశం సంఘం వారు ఇచ్చారు. సేవా కార్యక్రమాల నివేదిక, జమాఖర్చుల పట్టిక ఉండే పుస్తకంలో వ్యాకరణ పాఠం దేనికని మీకు అనిపించవచ్చు. మీరిచ్చే రూపాయి వెనక ఇప్పుడు ఎక్కడో ఒకచోట ఒక ఇంగ్లీషు కాగితం ఉంటోంది. అది పిల్లవాడి స్కాలర్‌షిప్ దరఖాస్తు కావచ్చు, ఉపాధ్యాయుడు ఇచ్చే సిఫారసు లేఖ కావచ్చు, బయటి ట్రస్టులకు పంపే వినతిపత్రం కావచ్చు, ఏడాది చివర దాతకు రాసే కృతజ్ఞత లేఖ కావచ్చు. ఈ కాగితాలన్నింటిలో ఒక జాతి విశేషణాలు తరచుగా కనిపిస్తాయి. యూనిక్, అన్‌ప్యారలల్డ్, పీర్‌లెస్, మ్యాచ్‌లెస్, అన్‌రైవల్డ్, ఇన్‌కంపేరబుల్, అన్‌ప్రెసిడెంటెడ్. అన్నింటికీ మన పిల్లలు ఒకే అర్థం రాసుకుంటారు: సాటిలేని. మన పాఠం ఈ మాటల గురించే.

ఒక స్కాలర్‌షిప్ ఎంపికను ఊహించండి. ఇవ్వగలిగేది పదిమందికి, అడిగేది వందమంది. వంద సిఫారసు లేఖల్లోనూ ‘అన్‌ప్యారలల్డ్ స్టూడెంట్’ అని ఉందనుకుందాం. వందమందీ సాటిలేనివారైతే వారంతా ఒకరికొకరు సాటి అయినట్టే కదా! చదివేవారు ఆ మాటను దాటేసి మార్కుల జాబితా దగ్గరికి పోతారు. ఇందులో నష్టపోయేది, నిజంగానే ఏదో ఒక విషయంలో తోటివారెవరూ అందుకోలేని పిల్ల. ఆ పిల్ల గురించి చెప్పవలసిన మాటను మనం ముందే అందరికీ పంచేశాం. ఆమె వంతు వచ్చేసరికి ఆ మాటలో బలం లేదు. కనుక ఈ మాటలను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం మన పిల్లల చదువుకు, మీ దానానికి కూడా సంబంధించిన విషయమే.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట్లోనే నేర్పే సూత్రం ఒకటుంది. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లమని. మనలో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. కొందరికి ఇంట్లోనూ తెలుగే. ఎటు చూసినా ఇలాంటి మాటలకు మనకు కరువు లేదు. బిర్యానీ బాగుంటే లాజవాబ్ అంటాం. జవాబు లేనిది, అంటే దీనికి దీటుగా ఎదురు చెప్పగలిగే మరో వంట లేదని. బేమిసాల్ అంటే మిసాల్, అంటే ఉదాహరణ, లేనిది. బేనజీర్‌లోని నజీర్ అంటే పోలిక, పూర్వ నిదర్శనం. కోర్టు వ్యవహారంలో పాత తీర్పును చూపించేటప్పుడు నజీర్ అనే అంటారు. లాసానీ అంటే సానీ, రెండోది, లేనిది. యక్తా అంటే ఒకే ఒక్కటి. ఇప్పుడు తెలుగులోకి వచ్చిన సంస్కృత పదాలను వీటి పక్కన పెట్టి చూడండి. అద్వితీయం అంటే రెండోది లేనిది, అచ్చంగా లాసానీయే. అనుపమం అంటే ఉపమానం దొరకనిది, బేమిసాల్. అపూర్వం అంటే పూర్వం లేనిది. అసమానం అంటే సమానం లేనిది. ఇక అచ్చ తెలుగులో సాటిలేని, దీటులేని, ఎదురులేని అనేవి ఉండనే ఉన్నాయి.

గమనించారా? మూడు భాషల్లోనూ మాట కట్టిన తీరు ఒకటే. ముందు ఒక పోలికను తెచ్చి, తర్వాత అది లేదంటుంది. ఇంగ్లీషు మాటలూ అంతే. అన్, ఇన్, లెస్ అనే ముక్కలు మన ‘బే’, ‘లా’, ‘అ’, ‘లేని’ చేసే పనే చేస్తాయి. కాకపోతే ఒక్కొక్క మాట కాదనే వస్తువు వేరు. ఒకటి జోడీని కాదంటుంది, ఒకటి పోటీదారుని కాదంటుంది, ఒకటి గతాన్ని కాదంటుంది. పిల్లలు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. అన్నింటికీ ‘సాటిలేని’ అని ఒకే అర్థం రాసుకుని, ఒకదాని బదులు మరొకటి వేసేస్తారు.

అన్‌రైవల్డ్‌తో మొదలుపెడదాం. రైవల్ అంటే పోటీదారు. ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. ఆ భాషలో ఏటికి, కాలువకు ఉన్న పేరు నుంచే, ఒకే ఏటి నీళ్లు వాడుకునే పొరుగువారికి ఈ పేరు వచ్చింది. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే మా జిల్లా పిల్లలకు ఈ కథ చెబితే వేరే వివరణ అక్కర్లేదు. తూము దగ్గర ఎవరి వంతు ముందు అనే మాట వచ్చినప్పుడు పొరుగువాడు రైవల్ ఎలా అవుతాడో వాళ్లు ఇంట్లోనే చూస్తారు. అందుచేత అన్‌రైవల్డ్ అనే మాట పోటీ ఉన్నచోటే నప్పుతుంది. వ్యాపారం, ఆట, పరీక్ష, పేరుప్రతిష్ఠలు. ‘మా అమ్మ ప్రేమ అన్‌రైవల్డ్’ అని రాస్తే ఎవరో వేరే అమ్మలు బరిలోకి దిగి ఓడిపోయినట్టు ఉంటుంది.

పీర్‌లెస్ దగ్గర తరగతిలో ఎప్పుడూ నవ్వులే. మొహర్రం నెలలో పీర్ల చావిడి చూసిన పిల్లలు కదా, పీర్‌లెస్ అంటే పీరు లేని చావిడా సార్ అంటారు. ఆ పీర్ ఫారసీ మాట, పెద్దాయన, గురువు అని అర్థం. ఇంగ్లీషు పీర్ లాటిన్ నుంచి వచ్చింది, సమానుడు అని అర్థం. తోటి విద్యార్థుల బృందాన్ని పీర్ గ్రూప్ అనేది అందుకే. పీర్‌లెస్ అంటే సమాన స్థాయిలో నిలబడే తోటివాడు లేనివాడు. పెద్దవాళ్లకు ఇదే పేరున్న పొదుపు కంపెనీ గుర్తుకొస్తుంది, అది వేరే సంగతి. ఈ మాట కాస్త పాతకాలపు వాసన వేస్తుంది. గ్రంథాల్లో, శిలాఫలకాల మీద బాగుంటుంది కానీ పదిహేనేళ్ల పిల్ల దరఖాస్తులో అరువు తెచ్చుకున్న షేర్వాణీలా వేలాడుతుంది. మ్యాచ్‌లెస్ కూడా అంతే. ఈ రోజుల్లో రాయడానికి అన్‌మ్యాచ్డ్ మేలు.

ఇక అన్‌ఈక్వల్డ్, అన్‌సర్పాస్డ్. ఈ జంట మీద మేము ఎక్కువ సమయం వెచ్చిస్తాం, ఎందుకంటే తేడా చిన్నది, కానీ నిజానికి అబద్ధానికి మధ్య గీత అక్కడే పడుతుంది. అన్‌సర్పాస్డ్ అంటే ఎవరూ దాటనిది. సమానంగా వచ్చినవారు ఉండవచ్చు. అన్‌ఈక్వల్డ్ అంటే సమానంగా కూడా ఎవరూ రానిది. పదో తరగతిలో గ్రేడ్లు ఇచ్చిన రోజుల్లో 10కి 10 జి.పి.ఎ. తెచ్చుకున్న పిల్ల ఫలితం అన్‌సర్పాస్డ్, సందేహం లేదు. పదికి మించి ఇచ్చేది లేదు. కానీ అన్‌ఈక్వల్డ్ కాదు. ఆ పది తెచ్చుకున్నవారు రాష్ట్రంలో ఇంకా చాలామంది ఉన్నారు.

అన్‌ఈక్వల్డ్‌కు నిఖార్సయిన ఉదాహరణ కావాలంటే మేము మన హైదరాబాదీ మహమ్మద్ అజారుద్దీన్‌ను తెస్తాం. 1984-85లో ఇంగ్లండ్ జట్టు మీద తన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు చేశారు. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినవారు ప్రపంచ క్రికెట్‌లో మరొకరు లేరు. కాబట్టి ‘అజారుద్దీన్స్ స్టార్ట్ ఇన్ టెస్ట్ క్రికెట్ రిమెయిన్స్ అన్‌ఈక్వల్డ్’ అని ధైర్యంగా రాయవచ్చు. అదే అభిమానంతో ‘అజారుద్దీన్ ఈజ్ ఏన్ అన్‌ఈక్వల్డ్ బ్యాట్స్‌మన్’ అని రాస్తే మాత్రం వాదన మొదలవుతుంది. 99 టెస్టుల్లో ఆయన చేసినవి 6,215 పరుగులు. సచిన్ టెండూల్కర్ 15,921 దాకా వెళ్లారు. సాటిలేనిది ఆ ఆరంభం. మొత్తం ఆట కాదు. విశేషణాన్ని ఆరంభానికి కట్టినప్పుడు ఎవరూ కదిలించలేకపోయారు, మనిషికి కట్టేసరికి వదులైపోయింది. ఈ ఒక్క ఉదాహరణతో పిల్లలకు మూడు ప్రశ్నలు అలవాటు చేస్తాం. ఏ విషయంలో? ఎవరెవరిలో? ఎప్పటిదాకా? ఈ మూడింటికీ జవాబు ఉంటే మాట నిలుస్తుంది.

మూడో ప్రశ్న ముఖ్యంగా అన్‌ప్రెసిడెంటెడ్‌ది. ఇది మన అపూర్వం. ఇంతకుముందు జరగనిది అని మాత్రమే దీని అర్థం. మంచిదని కాదు, చెడ్డదని కాదు. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు, ఆధునిక ఉన్నత విద్యను ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, బోధించడం దేశంలోని విశ్వవిద్యాలయాలకు కొత్త. ఆ ప్రయత్నాన్ని అన్‌ప్రెసిడెంటెడ్ అనవచ్చు. ఆ తర్వాత ఎవరు అలాంటి పని చేసినా గొప్పదే కావచ్చు కానీ ఆ మాట మాత్రం వారికి చెందదు. ఈ మాటను ఎవరైనా ఒక్కసారే వాడుకోగలరు.

చెడుకు ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగుల దగ్గర. ఆ నీళ్లు చూసినవారికి నోట మాట రాదు. అన్‌ప్రెసిడెంటెడ్ ఫ్లడ్ అని రాయాలనే అనిపిస్తుంది. కానీ 1986 ఆగస్టులో అదే భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులు. అది గుర్తున్న పెద్దలు మన్యం పల్లెల్లో ఇంకా ఉన్నారు. 1990లో 70.8 అడుగులు వచ్చింది. అంటే 2022 వరద గురించి సరైన వాక్యం ‘ది హయ్యెస్ట్ సిన్స్ 1986’. ముప్ఫై ఆరేళ్లలో ఇంత నీరు రాలేదు అని.

చిన్న సవరణేగా, వరదలో ఉన్నవాడికి మాటలతో ఏం పని అంటారేమో. సాయం కోసం దూర ప్రాంతాల ట్రస్టులకు ఇంగ్లీషులో వినతి రాసేటప్పుడు పని ఉంది. చదివేవాడు పాత లెక్క ఒక్కసారి తిరగేస్తే మొదటి వాక్యమే తప్పని తేలుతుంది. ఆ తర్వాత మనం రాసిన ఇళ్ల సంఖ్య, బియ్యం బస్తాల సంఖ్య కూడా అతనికి అనుమానంగానే కనిపిస్తాయి. ‘1986 తర్వాత ఇదే పెద్దది’ అని రాస్తే మనకు పాత లెక్క తెలుసని, కొత్త లెక్క కూడా సరిగానే రాసి ఉంటామని నమ్మకం కలుగుతుంది. పైగా ఆ వాక్యం భయపెట్టే విషయంలో ఏమీ తక్కువ కాదు.

యూనిక్ గురించి చెప్పేది చాలా ఉంది. ఇది లాటిన్‌లో ఒకటి అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, మన యక్తాలోని ‘యక్’ లాగానే. అందుకే శుద్ధంగా రాసేవారు దీనికి వెరీ, మోర్, మోస్ట్ తగిలించరు. ఒక వస్తువు ఒక్కటే ఉంటుంది, లేదా ఒక్కటే ఉండదు. చాలా ఒక్కటి, ఇంకా ఒక్కటి, అందరికన్నా ఒక్కటి అంటూ ఉండవు. ఆల్‌మోస్ట్ యూనిక్, నియర్లీ యూనిక్ అనవచ్చు, ఎందుకంటే ఒక్కటి కావడానికి కాస్త దూరంలో ఆగిపోయిందని అర్థం. వాడుక ఇంగ్లీషులో వెరీ యూనిక్ వినిపిస్తూనే ఉంటుంది, పత్రికల్లోనూ కనిపిస్తుంది. దాన్ని చూపించి పిల్లలు మాతో వాదిస్తారు. స్నేహితులతో మాట్లాడుకోండి, దరఖాస్తులో వద్దు అని మా తీర్పు.

దీనితో వచ్చే రెండో తప్పు మరీ సాధారణం. స్పెల్లింగ్ ‘యు’ అచ్చుతో మొదలవుతుంది కనుక ‘ఏన్ యూనిక్’ అని రాస్తారు. పలుకులో మొదట వినిపించేది ‘య’ కనుక ‘ఎ యూనిక్’ అనాలి. అదే అన్‌రైవల్డ్, అన్‌ప్యారలల్డ్‌లకు ముందు ‘ఏన్’ రావాలి. చెవికి పని చెప్పమంటాం, కంటికి కాదు. అన్‌ప్యారలల్డ్ స్పెల్లింగ్ కూడా ఓ పరీక్షే. మధ్యలో జంట ‘ఎల్’, చివర ఒంటి ‘ఎల్’. తిప్పి రాసినవారి సాటిలేనితనం అక్కడే తేలిపోతుంది. ఉచ్చారణలో ఇన్‌కంపేరబుల్‌తో జాగ్రత్త. కంపేర్ అనే మాట లోపల ఉంది కదా అని పిల్లలు ‘పే’ మీద ఊనుతారు. ఊనవలసింది దాని ముందున్న అక్షరం మీద, ‘ఇన్‌కామ్‌పరబుల్’ అన్నట్టు.

యూనిక్‌లో మరో సంగతి. ఇది గొప్పతనాన్ని చెప్పే మాట కానే కాదు. మనందరి జేబుల్లో దీనికి సాక్ష్యం ఉంది. ఆధార్ ఇచ్చే సంస్థ పేరు యూనిక్ ఐడెంటిఫికేషన్ అథారిటీ ఆఫ్ ఇండియా. ప్రతివారికీ 12 అంకెల సంఖ్య, ఏ ఇద్దరికీ ఒకటి కాదు. ప్రతి సంఖ్యా యూనిక్. అంతమాత్రాన ఒకరి ఆధార్ సంఖ్య మరొకరి దానికంటే గొప్పదవుతుందా? కాబట్టి ‘అవర్ స్కూల్ ఈజ్ యూనిక్’ అని రాసి ఆపితే చదివేవారికి ఏమీ తెలియదు. ప్రతి బడీ ఏదో రకంగా ఒక్కటే. దేనిలో ఒక్కటో రెండో వాక్యం చెప్పాలి. మా వేంసూరునే తీసుకోండి. వేంసూరు పేరుతో శాసనసభ నియోజకవర్గం ఉన్న రోజుల్లో ఇక్కడి నుంచి ఎన్నికైన జలగం వెంగళరావు గారు 1973లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ‘వేంసూర్ ఈజ్ ఎ యూనిక్ ప్లేస్’ అనడం కంటే ‘వేంసూరు శాసనసభ్యుల్లో ముఖ్యమంత్రి అయినవారు ఆయన ఒక్కరే’ అనే వాక్యం బరువైనది. అందులో విశేషణమే లేదు, గమనించండి. ‘ది ఓన్లీ’ అనే చిన్న మాట పని మొత్తం చేసింది.

పెద్ద సంస్థలు కూడా ఈ మాట దగ్గర ఎంత జాగ్రత్తగా ఉంటాయో చూడాలంటే ములుగు జిల్లా పాలంపేటకు వెళ్లాలి. కాకతీయుల కాలపు రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ జాబితాలో చేరడానికి యునెస్కో పెట్టుకున్న ప్రమాణాల్లో, ఒక సంస్కృతికి సాక్ష్యంగా నిలవడం గురించి చెప్పేచోట, యూనిక్ అన్న వెంటనే, లేదా కనీసం ఎక్సెప్షనల్ అని ఒక మెట్టు దిగి మరో మాట చేర్చారు. అంటే ఒక్కటే అని నిరూపించలేకపోతే అసాధారణం అన్నా చాలునని. ప్రపంచమంతా గాలించి ఎంపిక చేసేవారే ఆ వెసులుబాటు పెట్టుకున్నప్పుడు, ఎనిమిదో తరగతి సైన్సు ప్రాజెక్టును యూనిక్ అనడానికి మనకు తొందర ఎందుకు? ఎక్సెప్షనల్, అవుట్‌స్టాండింగ్, రిమార్కబుల్ లాంటి మాటలు మెచ్చుకోవడానికి చాలు. అవి తోటివారెవరినీ చెరిపేయవు.

ఇనిమిటబుల్‌ను ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాం. అనుకరించడానికి వీలులేనిది అని అర్థం. శైలికి, గొంతుకు, నడకకు నప్పుతుంది. మార్కులకు, దానానికి నప్పదు. దివ్య ఖురాన్ శైలి గురించి ఇంగ్లీషులో రాసే పండితులు ‘ఇజాజ్’ అనే అరబీ మాటకు వాడేది ఇనిమిటబిలిటీ అనే. అంత బరువైన చోట నిలిచిన మాట అది. సినిమా నటుల గొంతులకు మాత్రం ఈ మాట తగిలించేముందు మన ఓరుగల్లు నేరెళ్ల వేణుమాధవ్ గారిని తలచుకోవాలి. ఆయన అనుకరించాక ఇనిమిటబుల్ అనే మాట ఎంతమందికి మిగిలిందో!

సెకండ్ టు నన్ అనే పదబంధం మన అద్వితీయం కాదు, దగ్గరి చుట్టం. ఎవరికీ తీసిపోడు అని అర్థం. అతనితో సమానంగా మరొకరు ఉండవచ్చు, పైన మాత్రం ఎవరూ లేరు. ఇది పైన చెప్పిన అన్‌సర్పాస్డ్ జాతి. పిల్లలు దీన్ని నెక్స్ట్ టు నన్ అని రాస్తారు, అప్పుడు వాక్యం గాలిలో తేలుతుంది.

దాతలకు రాసే లేఖల్లో ప్రమాదకరమైనది ఇన్‌వాల్యుబుల్. ‘ఇన్’ చూడగానే విలువ లేనిది అనుకుని, మంచి ఉద్దేశంతో ఉన్న పిల్లలు కూడా ఆ మాటకు భయపడి వదిలేస్తారు. అర్థం తలకిందులు. విలువ కట్టలేనంత గొప్పది అని, మన అమూల్యం. ప్రైస్‌లెస్ కూడా అంతే. విలువ లేనిది అనాలంటే వర్త్‌లెస్, వాల్యూలెస్ వేరే ఉన్నాయి. ఈ రెండు జతలూ కలగలిపి ‘యువర్ వాల్యూలెస్ హెల్ప్’ అని లేఖ పంపితే దాత ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. అమూల్యమన్నంత మాత్రాన అన్నింటికంటే పెద్దదని కూడా కాదు. గుంటూరు వైపు కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూరును ప్రపంచంలోనే పెద్ద వజ్రమని మన పిల్లలు రాస్తుంటారు. ఇప్పుడది 105.6 క్యారట్లు. దక్షిణాఫ్రికాలో 1905లో దొరికిన కల్లినన్ వజ్రాన్ని కోయగా వచ్చిన పెద్ద ముక్క ఒక్కటే 530 క్యారట్లు. కోహినూరు ప్రైస్‌లెస్, లార్జెస్ట్ కాదు.

ఈ చర్చ అంతా విని, మరి పొగడకూడదా సార్ అని ఒక పిల్ల అడిగింది. పొగడవచ్చు. మన కవులు పొగడలేదా? తెలుగు పాఠంలో అతిశయోక్తి అలంకారం ఉంది. ఒక వస్తువుకు అదే సాటి అని చెప్పే అనన్వయాలంకారం కూడా ఉంది. అమ్మకు అమ్మే సాటి అన్నప్పుడు ఎవరూ రుజువు అడగరు. ఉర్దూ షాయరీలో పొగడ్తకు హద్దే లేదు. అక్కడ వినేవాడికీ చెప్పేవాడికీ ఇది ముచ్చటే అని తెలుసు. దరఖాస్తు చదివేవాడికి అలాంటి ఒప్పందం లేదు. అతను ప్రతి మాటనూ వాంగ్మూలంగా తీసుకుంటాడు.

ఇక మీ సంగతి. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వని దాతలు మనలో ఉన్నారు. అలాంటివారికి ‘యువర్ అన్‌ప్యారలల్డ్ జెనరాసిటీ’ అని లేఖ వస్తే ఇబ్బందిగానే ఉంటుంది. పక్కన ఇచ్చినవారిని తక్కువ చేసినట్టూ ఉంటుంది. అన్‌ప్యారలల్డ్ అంటే ఇంకెవరూ అంత ఇవ్వలేదనే కదా. వందరూపాయలు ఇచ్చిన రోజుకూలీ ఆ లేఖ చూస్తే? మా పిల్లల చేత ఇప్పుడు మేము రాయించేది వేరు. డబ్బు దేనికి ఖర్చయింది, దానివల్ల ఏం మారింది, ఈ రెండే. ‘మీరిచ్చిన దానితో హాస్టల్ ఫీజు పది నెలలు కట్టాం, ఈ ఏడాది బడి మానలేదు’ అనే వాక్యం ఇంగ్లీషులో చాలా సులువు. స్పెల్లింగ్ తప్పులూ తక్కువ.

సిఫారసు లేఖల్లోనూ అదే పద్ధతి. ‘షి ఈజ్ ఏన్ అన్‌ప్యారలల్డ్ స్టూడెంట్’ అనే వాక్యం పక్కన దీన్ని పెట్టి చూడండి: ‘ఈ తరగతిలోని పిల్లల్లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ ఒకే కథను తడుముకోకుండా చెప్పగలిగేది ఈ అమ్మాయి ఒక్కతే.’ ఏ విషయంలో, ఎవరిలో, ఎప్పుడు, అన్నీ వచ్చేశాయి. సంఘం ఎంపిక కమిటీలో కూర్చునే పెద్దలకు మా మనవి ఒకటే. ఏ లేఖలోనైనా ఈ పెద్ద మాటలు కనిపిస్తే పిల్లను పక్కన పెట్టకండి, లేఖ రాసినవారికి ఫోన్ చేసి ఆ మూడు ప్రశ్నలూ అడగండి. మంచి జవాబు వచ్చిన పిల్లలను మీరు వదులుకోరు. జవాబు రాకపోయినా తప్పు ఆ పిల్లది కాదు, రాసిపెట్టినవారిది.

చివరగా ఇంట్లో పిల్లలతో చేయించడానికి నాలుగు వాక్యాలు. మొదటిది, ‘అవర్ టౌన్ హ్యాజ్ ఏన్ వెరీ యూనిక్ మాస్క్.’ ఇందులో ఏన్ పోవాలి, వెరీ పోవాలి, దేనిలో యూనిక్కో ఇంకో వాక్యం రావాలి. రెండోది, ‘షి స్కోర్డ్ హండ్రెడ్ అవుట్ ఆఫ్ హండ్రెడ్, హర్ మార్క్ ఈజ్ అన్‌ఈక్వల్డ్.’ అన్‌సర్పాస్డ్ అని దిద్దాలి, తరగతిలో ఇంకెవరికీ వంద రాలేదని తెలిస్తే తప్ప. మూడోది, ‘దిస్ ఇయర్స్ హీట్ వాజ్ అన్‌ప్రెసిడెంటెడ్.’ పాత లెక్కలు చూడకుండా దిద్దడానికి లేదు, పిల్లల్ని లెక్కలు వెతకమనండి. నాలుగోది, ‘మై గ్రాండ్‌మదర్స్ ఖీమా ఈజ్ ఇన్‌కంపేరబుల్.’ దీన్ని దరఖాస్తులో రాయనంతవరకు మేము ముట్టుకోము. నానమ్మ పక్కనే ఉంటే ‘కామ్’ మీద ఊని గట్టిగా చదవమంటాం.